పుట్టిన ఏటికి తిరిగివచ్చే చేప



మీలో ముంబయిలోనో పుణేలోనో స్థిరపడ్డవారు చేపల బజారులో రావస్ అనే చేపను చూసే ఉంటారు. తమిళనాడులో దాన్ని కాలా అంటారు. తెలుగు తీరంలో మాగ అంటారు. హోటళ్ళవాళ్ళు మాత్రం తమ జాబితాలో దానికి ‘ఇండియన్ సాల్మన్’ అని గొప్ప పేరు పెడతారు. ఆ పేరు చూసి సాల్మన్ మన సముద్రంలో కూడా దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రావస్‌కూ సాల్మన్‌కూ ఏ చుట్టరికమూ లేదు. అసలు సాల్మన్ చన్నీటి చేప. అది మన కడలిలో బతకదు.

ఈనాటి ప్రసంగంలో ఆ అసలు సాల్మన్ గురించి, అందులోనూ అట్లాంటిక్ సముద్రపు సాల్మన్ గురించి చెప్పుకుందాం. దాని బతుకు ఎలా సాగుతుందో చెప్పుకోవడంతో పాటు, ఆ బతుకును మనుషులు ఎన్ని వందల ఏళ్ళకు తెలుసుకోగలిగారో కూడా చెప్పుకుందాం. ఎందుకంటే తినే చేప ఎక్కడ పుడుతుందో, ఎక్కడ పెరుగుతుందో తెలియకుండానే మనిషి దాన్ని తరతరాలుగా పట్టాడు. తెలిసేనాటికి చాలా నదుల్లో ఆ చేప లేకుండా పోయింది.

అట్లాంటిక్ సాల్మన్ నివాసం ఉత్తర అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉంది. పడమట కెనడా తూర్పు తీరం, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్. తూర్పున ఐస్‌లాండ్, నార్వే, రష్యా ఉత్తర తీరం, బ్రిటన్, ఐర్లండ్, ఇంకా దక్షిణంగా స్పెయిన్ ఉత్తర తీరపు నదులు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీనికి ‘సాల్మో సలార్’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. సలార్ అంటే లాటిన్‌లో దూకేది అని అర్థం చెబుతారు. జలపాతానికి ఎదురుగా గాలిలోకి ఎగిరి, నీటి గోడను దాటే చేపకు అది తగిన పేరే.

పాతకాలపు జనానికి సాల్మన్ గురించి తెలిసింది ఒకే ఒక్క సంగతి. అది సముద్రం నుంచి వచ్చి, నది ఎక్కి, పైకి పోతుంది. కాబట్టి నదికి అడ్డంగా దడి కడితే బుట్టలకొద్దీ చేప దొరుకుతుంది. అందరూ దడులు కట్టారు. అప్పుడు తగాదాలు వచ్చాయి. దిగువ ఊరివాడు దడి కడితే ఎగువ ఊరివాడికి చేప రాదు, పడవా నడవదు. ఇంగ్లండులో 1215లో జాన్ రాజు చేత ప్రభువులు ఒప్పించిన మాగ్నా కార్టాను మనం పాఠాల్లో ప్రజాస్వామ్యానికి పునాదిగా చదువుకుంటాం. ఆ పత్రంలోనే ఒక నిబంధన ఉంది: థేమ్స్ నదిలోనూ, మెడ్‌వే నదిలోనూ, ఇంగ్లండు అంతటా, సముద్రతీరంలో తప్ప, చేపల దడులన్నీ తీసివేయాలి. ఆ నిబంధన ముఖ్యంగా పడవల రాకపోకల కోసం పెట్టిందే అయినా, దానివల్ల చేపకు కూడా దారి దొరికింది.

స్కాట్లండులో చట్టాలు ఇంకొంచెం ముందుకు వెళ్ళాయి. వారానికి ఒకసారి, శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా, దడుల్లో ఖాళీ వదలాలని అక్కడి పాత నియమం. ఆ ఒకటిన్నర రోజు చేపది. 1318లో, రాబర్ట్ బ్రూస్ రాజుగా ఉన్నప్పుడు చేసిన శాసనంలో, పిల్లచేపలు కిందికీ పైకీ పోవడానికి అడ్డు లేకుండా దడి కన్నాల మధ్య ఎంత ఎడం ఉండాలో కొలతతో సహా చెప్పారు. చూడండి, చేప జీవితచక్రం తెలియని రోజుల్లోనే, దారి మూస్తే చేప ఉండదనే సంగతి వాళ్ళకు తెలుసు.

దారి తెలిసింది కాని, ఆ దారిలో నడిచేది ఎవరో తెలియలేదు. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. నదిలో వేలెడు పొడవున, ఒంటి పక్కల మీద వేళ్ళ గుర్తులు అద్దినట్టు నల్లని మచ్చలతో, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఒక చిన్న చేప ఉండేది. దాన్ని ‘పార్’ అన్నారు. వసంతంలో జానెడు పొడవున వెండిలా మెరుస్తూ మరో చేప గుంపులుగా సముద్రం వైపు పోయేది. దాన్ని ‘స్మోల్ట్’ అన్నారు. రెండు మూడు కిలోలుండి నది ఎక్కేదాన్ని ‘గ్రిల్స్’ అన్నారు. పెద్దదాన్ని ‘సాల్మన్’ అన్నారు. గుడ్లు పెట్టి, చిక్కి శల్యమై, దిగువకు జారిపోయేదాన్ని ‘కెల్ట్’ అన్నారు. ఇన్ని పేర్లు ఉన్నాయి కనుక ఇన్ని చేపలు ఉన్నాయనుకోవడం సహజమే. పార్ అనేది అసలు పెరగని ఒక మరుగుజ్జు జాతి అని, దానికి వేరే శాస్త్రనామం కూడా పెట్టిన పండితులున్నారు.

ఈ సందేహం తీర్చడానికి మొదట్లో జరిగిన ప్రయత్నం ఒకటి ఐజాక్ వాల్టన్ 1653లో అచ్చువేసిన గాలపు వేట పుస్తకంలో కనిపిస్తుంది. సముద్రానికి పోతున్న పిల్లచేపల తోకలకు పట్టుదారపు పీలికలు కట్టి వదిలారట. సుమారు ఆరు నెలలకు ఆ గుర్తులతోనే కొన్ని అదే చోటికి తిరిగి వచ్చాయట. చేప తన ఏటికే తిరిగివస్తుందనే ఊహకు ఇది తొలి సాక్ష్యాల్లో ఒకటి. అయితే అది పార్ సంగతి తేల్చలేదు.

పార్ ఎవరు అన్న ప్రశ్నను పండితుల కాలక్షేపంగా తీసుకోకండి. దాని వెనుక పెద్ద నష్టమే ఉంది. పార్ వేరే జాతి అయితే దాన్ని ఎంత పట్టినా ఎవరికీ నష్టం లేదు. పిల్లలు, గాలపువాళ్ళు, మిల్లు కాలువల దగ్గర పనివాళ్ళు దాన్ని బుట్టలకు బుట్టలు పట్టి వేయించుకు తినేవారు. అదే కనుక సాల్మన్ పిల్ల అయితే, రేపు పది కిలోలు తూగే చేపను ఈనాడు పది గ్రాములప్పుడే తినేస్తున్నామన్నమాట. చట్టం కూడా దీని మీదే ఆధారపడింది. సాల్మన్ పిల్లను పట్టరాదని చట్టం ఉన్నా, ఇది సాల్మన్ పిల్ల కాదు, పార్ అని ఒకడు వాదిస్తే జవాబు చెప్పడానికి రుజువు లేదు.

ఎట్రిక్ గొర్రెల కాపరి అని పేరుపడ్డ స్కాట్ కవి జేమ్స్ హాగ్ లాంటివారు, పార్‌కు గుర్తులు వేసి చూసి, ఇది సాల్మన్ పిల్లే అని వాదిస్తూ వచ్చారు. కాని ఆ మాటను అందరూ ఒప్పుకునేలా చేసినవాడు జాన్ షా. ఆయన విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాదు. స్కాట్లండులో నిత్ నది పక్కన ఉన్న డ్రమ్‌లాన్‌రిగ్ అనే చోట బక్లూ ప్రభువు ఎస్టేటులో అడవులూ వేటా చూసుకునే ఉద్యోగి. రోజూ ఏటి ఒడ్డున తిరిగే మనిషి కనుక ఆయనకు ఒక సంగతి తట్టింది. ఏటిలో పట్టిన పార్‌లను నీరు పారే చెరువులో పెట్టి కాపలా కాస్తే ఏమవుతాయో చూడవచ్చు కదా!

1833 తర్వాత ఆయన ఆ పని మొదలుపెట్టాడు. చెరువులో ఉన్న పార్‌లు వసంతం వచ్చేసరికి మచ్చలు పోయి వెండిరంగు తిరిగి అచ్చం స్మోల్ట్‌లయ్యాయి. దానికి విమర్శకులు ఒక మాట అన్నారు: మీరు ఏటిలోంచి తెచ్చిన పిల్లలు ఎవరి పిల్లలో మీకేం తెలుసు? అప్పుడు షా ఇంకా వెనక్కి వెళ్ళాడు. 1837 జనవరిలో గుడ్లు పెడుతున్న సాల్మన్ జంటను పట్టి, గుడ్లనూ వీర్యాన్నీ తన చేతులతో కలిపి, వేరే కాలువలో పొదిగించాడు. తల్లీ తండ్రీ ఎవరో తెలిసిన ఆ పిల్లలు మొదట పార్‌లయ్యాయి. రెండేళ్ళు పార్‌లుగానే ఉన్నాయి. ఆ తర్వాత స్మోల్ట్‌లయ్యాయి. అంతవరకు జనం నమ్మకం ఏమిటంటే, వసంతంలో పొదిగిన పిల్ల కొన్ని వారాల్లోనే జానెడు పెరిగి సముద్రానికి పోతుందని. కొన్ని వారాలు కాదు, రెండేళ్ళు అని షా చూపించాడు. ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ఆయన వ్యాసాలను ప్రచురించి, కీత్ బహుమతి ఇచ్చి గౌరవించింది. 1853 నుంచి టే నది ఒడ్డున స్టార్మాంట్‌ఫీల్డ్ చెరువుల్లో జరిగిన ప్రయోగాలు ఆయన మాటను బలపరచి, మరొకటి చేర్చాయి. ఒకే తల్లి పిల్లల్లో కూడా కొన్ని ఏడాదికే స్మోల్ట్‌లవుతాయి, కొన్ని రెండేళ్ళకు అవుతాయి.

ఇక ఇప్పుడు ఈనాటి శాస్త్రం తెలిపినంత మేరకు ఆ చేప బతుకును మొదటినుంచి చూద్దాం.

కథ శరదృతువు చివర, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో మొదలవుతుంది. ఎగువ ఏటిలో, లోతు తక్కువై, గులకరాళ్ళ మధ్య నుంచి చల్లని నీరు వడిగా పారే చోటును ఆడచేప ఎంచుకుంటుంది. పక్కకు ఒరిగి తోకతో నీటిని కొట్టి గులకరాళ్ళను లేపి గుంట చేస్తుంది. గుడ్లు విడుస్తుంది. అదే క్షణంలో మగచేప వీర్యం విడుస్తుంది. ఆడచేప కొంచెం ఎగువకు జరిగి మళ్ళీ తవ్వుతుంది. ఆ తవ్విన రాళ్ళే కొట్టుకువచ్చి మొదటి గుంటను కప్పుతాయి. తల్లి బరువులో కిలోకు సుమారు 1,500 గుడ్ల లెక్క. ఒక్కొక్క గుడ్డు బఠాణీ గింజంత, నారింజ రంగులో ఉంటుంది.

గుడ్డు ఎన్నాళ్ళకు పొదుగుతుందనేది నీటి చల్లదనాన్ని బట్టి ఉంటుంది. దీనికి చేపల పెంపకంవాళ్ళు ఒక చిన్న లెక్క వాడతారు. రోజుల సంఖ్యను నీటి సెల్సియస్ డిగ్రీలతో గుణిస్తే సుమారు 440 రావాలి. నీరు 4 డిగ్రీలుంటే 110 రోజులు. 8 డిగ్రీలుంటే 55 రోజులు. బడిలో ఎక్కాలు వచ్చిన పిల్లవాడు ఈ లెక్క చేయగలడు. కాని ఈ చిన్న లెక్కలోనే ఈనాటి ప్రమాదం కూడా ఉంది. నీరు వేడెక్కితే పిల్ల తొందరపడి, తిండి దొరకని రోజుల్లో బయటికి వస్తుంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్లను ‘అలెవిన్’ అంటారు. దాని పొట్టకు పచ్చసొన సంచి వేలాడుతూ ఉంటుంది. అది దారిబత్తెం. ఆ బత్తెం అయ్యేదాకా కొన్ని వారాలు రాళ్ళ సందుల్లోనే చీకట్లో ఉంటుంది. ఈ సమయంలో పైనుంచి మట్టి కొట్టుకువచ్చి రాళ్ళ సందులు పూడిపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. ఎగువ కొండ మీద అడవి కొట్టేస్తే కింద ఏటిలో చేప ఎందుకు తగ్గుతుందని అడిగితే, ఇదీ ఒక కారణం. బత్తెం అయిపోయాక పైకి వచ్చిన పిల్ల ‘ఫ్రై’ అవుతుంది. కొంత పెరిగాక మచ్చలు వచ్చి ‘పార్’ అవుతుంది. పార్ ఒంటరి జీవి. ఏటిలో కొద్దిపాటి జాగాను తనదని పట్టుకుని, నీటికి ఎదురుగా నిలబడి, కొట్టుకువచ్చే పురుగుల్ని తింటూ, మరొకరు వస్తే తరుముతుంది. దక్షిణపు వెచ్చని నదుల్లో ఈ దశ ఒక్క ఏడాది. ఉత్తరపు మంచు నదుల్లో ఏడెనిమిదేళ్ళు కూడా పడుతుంది.

ఇక్కడ షా కనిపెట్టిన మరో విచిత్రం చెప్పాలి. కొన్ని మగ పార్‌లు సముద్రం ముఖం చూడకుండానే, అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే ఈడేరుతాయి. సముద్రం నుంచి వచ్చిన పెద్ద జంట గుడ్లు విడిచే క్షణంలో సందుచూసి దూరి కొన్ని గుడ్లను తాము ఫలింపజేస్తాయి. షా ఈ చిన్న మగచేప వీర్యంతో పెద్ద సాల్మన్ గుడ్లను పొదిగించి చూపించాడు. పార్ వేరే జాతి అనేవారికి ఇంతకంటే గట్టి జవాబు ఏముంటుంది? దీనివల్ల చేపకూ ఒక మేలుంది. ఒక ఏడాది సముద్రానికి పోయిన మగచేపలన్నీ నశించినా ఏటిలో వంశం నిలుస్తుంది.

వసంతంలో, పగలు పొడవవుతూ నీరు వెచ్చబడుతున్నప్పుడు, పార్ ఒంట్లో పెద్ద మార్పు వస్తుంది. మచ్చల మీద వెండిపూత వస్తుంది. ఉప్పును బయటికి నెట్టే కణాలు మొప్పల్లో పెరుగుతాయి. మంచినీటిలో చేప ఒంటిలోకి నీరు చొచ్చుకువస్తుంది, ఉప్పు జారిపోతుంది. సముద్రంలో సరిగ్గా తలకిందులు. ఒకే శరీరం రెండు నీళ్ళకూ సిద్ధపడాలి. గుణం కూడా మారుతుంది. ఇన్నాళ్ళూ నీటికి ఎదురు నిలిచి పోట్లాడినది ఇప్పుడు తోటివారితో గుంపు కట్టి నీటివాలులో సాగిపోతుంది. ఇదే స్మోల్ట్. ఈ రోజుల్లోనే అది తన ఏటి వాసనను మనసులో ముద్ర వేసుకుంటుంది.

అక్కడి నుంచి చేప ఎటు పోతుందో ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఎవరికీ సరిగా తెలియదు. ఎన్నేళ్ళు పోతుందో మాత్రం పొలుసు చెప్పింది. చెట్టు బోదెలో వలయాల్లాగే సాల్మన్ పొలుసు మీద కూడా వలయాలుంటాయి. ఎండాకాలంలో తిండి బాగా దొరికి ఎడంగా పడతాయి, చలికాలంలో దగ్గరగా పడతాయి. 1905 ప్రాంతంలో జాన్‌స్టన్ అనే ఆయన టే నది సాల్మన్ పొలుసులను ఇలా చదివాడు. ఏటిలో ఎన్నేళ్ళుంది, సముద్రంలో ఎన్ని చలికాలాలు గడిపింది, ఇంతకుముందు గుడ్లు పెట్టిందా లేదా అన్నది ఒక్క పొలుసు చెబుతుంది. గ్రిల్స్ అంటే వేరే చేప కాదని, సముద్రంలో ఒక్క చలికాలమే గడిపి వచ్చిన సాల్మనేనని అందరికీ స్పష్టమయింది.

ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు 1956లో దొరికింది. స్కాట్లండులో గుర్తుబిళ్ళ కట్టి వదిలిన ఒక కెల్ట్, ఆ ఏడాది అక్టోబరులో గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో వలకు చిక్కింది. యూరప్ నదుల చేపలూ, కెనడా నదుల చేపలూ అంత దూరం వచ్చి ఒకే మేతభూమిలో చిన్న చేపలనూ రొయ్యజాతి జీవులనూ తిని బలుస్తాయని క్రమంగా తేలింది. సాల్మన్ మాంసానికి ఆ గులాబి రంగు రావడానికి కారణం కూడా ఆ రొయ్యజాతి తిండిలోని వర్ణద్రవ్యమే.

దురదృష్టం ఏమిటంటే, ఆ మేతభూమి ఎక్కడుందో శాస్త్రవేత్తలకు తెలుస్తున్న రోజుల్లోనే వేటగాళ్ళకూ తెలిసింది. 1960లలో గ్రీన్‌లాండ్ దగ్గర వలలు పెరిగాయి. 1971లో ఒక్క ఏడాదిలో సుమారు 2,700 టన్నుల సాల్మన్ పట్టారు. నది ఉన్న దేశం చేపను పెంచి పంపుతుంది, సముద్రంలో మరొకరు పట్టుకుపోతారు. మళ్ళీ 1215 నాటి తగాదాయే, కాకపోతే ఈసారి ఊళ్ళ మధ్య కాదు, దేశాల మధ్య. ఆ దేశాలు 1982లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఒక ఒడంబడిక చేసుకున్నాయి. తీరానికి 12 నాటికల్ మైళ్ళ అవతల సాల్మన్ పట్టడాన్ని అది చాలా మేరకు నిషేధించింది. దాని అమలుకు ఏర్పడిన ఉత్తర అట్లాంటిక్ సాల్మన్ పరిరక్షణ సంస్థ ఎడిన్‌బరోలో పనిచేస్తోంది.

ఒకటి రెండు, ఒక్కోసారి మూడు చలికాలాలు గడిచాక చేపకు ఇల్లు గుర్తొస్తుంది. నడిసముద్రంలో దారి తెలుసుకోవడానికి భూమి అయస్కాంత శక్తి సాయపడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తీరం దగ్గరికి వచ్చాక దారి చూపేది ముక్కు. ఈ సంగతి బయటపెట్టినవాడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆర్థర్ హాస్లర్. 1946లో ఆయన యూటా కొండల్లో, తాను చిన్నప్పుడు తిరిగిన చోట నడుస్తూ ఉండగా, ఇంకా కంటికి కనబడని ఒక జలపాతం నుంచి నాచు, పూల వాసన వచ్చిందట. ఆ వాసనతో మరచిపోయిన చిన్ననాటి సంగతులు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయట. చేపకూ ఇలాగే జరుగుతుందేమో అనుకున్నాడు. 1951లో తన సహచరుడు విస్బీతో కలిసి ఈ ఊహను ప్రకటించాడు. తర్వాత పసిఫిక్ జాతి సాల్మన్ పిల్లలను ఒక కృత్రిమ వాసనకు అలవాటు చేసి మిషిగన్ సరస్సులో వదిలారు. పెద్దవయ్యాక ఆ వాసన కలిపిన ఏటినే అవి వెతుక్కుంటూ వచ్చాయి.

నదిలో అడుగుపెట్టిన సాల్మన్ తిండి మానేస్తుంది. సముద్రంలో కూడబెట్టిన కొవ్వే ఆధారం. అలా నెలల తరబడి ఉపవాసంతో ఏటికి ఎదురీదుతుంది. వెండిరంగు పోయి రాగిరంగు, గోధుమరంగు తిరుగుతుంది. మగచేప కింది దవడ కొక్కెంలా వంగుతుంది. జలపాతం ఎదురైతే అడుగున లోతైన మడుగు చూసుకుని, అక్కడి నుంచి వేగం పుంజుకుని ఎగురుతుంది. మడుగు లోతు లేకపోతే ఎగరలేదు. ఆనకట్టల పక్కన చేపల మెట్లు కట్టే ఇంజనీర్లు ఈ సంగతి నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

పసిఫిక్ సాల్మన్ జాతుల్లో చాలావరకు గుడ్లు పెట్టగానే చచ్చిపోతాయి. అట్లాంటిక్ సాల్మన్‌కు ఆ శాపం లేదు. చాలా చేపలు, ముఖ్యంగా మగవి, అలసి చనిపోయినా, కొన్ని కెల్ట్‌లు సముద్రం చేరి, బలిసి, మళ్ళీ వస్తాయి. అలాంటి ఒక కెల్టే గ్రీన్‌లాండ్ రహస్యం చెప్పింది.

ఇంత చిక్కైన బతుకుకు దారిలో ఎక్కడ ముడి పడినా కథ ఆగిపోతుంది. థేమ్స్ నదిలో పడవల కోసం కట్టిన కట్టలు, లండన్ మురికి కలిసి 1833 ప్రాంతానికి సాల్మన్‌ను తుడిచిపెట్టాయి. మాగ్నా కార్టా పేరు పెట్టి చెప్పిన నది అది. అమెరికాలో కనెక్టికట్ నదికి అడ్డంగా 1798లో టర్నర్స్ ఫాల్స్ దగ్గర ఆనకట్ట కట్టారు. ఎగువ ఏళ్ళకు దారి మూసుకుపోయి, కొన్నేళ్ళకే అక్కడి సాల్మన్ వంశం అంతరించింది. 1967లో దాన్ని మళ్ళీ తేవాలని పెద్ద పథకం మొదలుపెట్టారు. లక్షల పిల్లలను వదిలారు. చేప నిలదొక్కుకోలేదు. 2012లో అక్కడి కేంద్రప్రభుత్వ శాఖ ఆ ప్రయత్నం విరమించుకుంది. వేరే నదుల పిల్లలను తెచ్చి వేసినంతమాత్రాన పోయిన వంశం తిరిగిరాదు. ప్రతి ఏటి సాల్మన్‌కూ ఆ ఏటి చలీ వేడీ ఎన్నో తరాలుగా ఒంటపట్టి ఉంటాయి.

మరోవైపు, దారి తెరిచిన చోట్లు కూడా ఉన్నాయి. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది మీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్టను 1999లో పడగొట్టారు. పెనాబ్‌స్కాట్ నది మీద 2012లో ఒకటి, 2013లో ఒకటి, రెండు ఆనకట్టలు తీసేశారు. అప్పటినుంచి ఆ నదిలోకి హెరింగ్ తెగకు చెందిన వలస చేపలు లక్షల్లో తిరిగి వచ్చాయి. సాల్మన్ మాత్రం అంత వేగంగా పెరగలేదు, ఎందుకంటే దాని కష్టం నదిలోనే కాదు, సముద్రంలోనూ ఉంది.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావచ్చు. పెద్ద ఊళ్ళ దుకాణాల్లో ఈనాడు సాల్మన్ ముక్కలు కుప్పలుగా కనిపిస్తున్నాయి, ఇంటర్నెట్‌లో కూడా ఇంటికి తెప్పించుకోవచ్చు, మరి తగ్గిందంటారేమిటి? ఆ కనిపించేది పెంపకపు చేప. 1970లో నార్వేలో హిత్రా దీవి దగ్గర గ్రోంట్‌వెట్ సోదరులు సముద్రంలో తేలే పంజరంలో సాల్మన్ పిల్లలను వేసి పెంచారు. ఈనాడు ప్రపంచంలో పెంపకపు అట్లాంటిక్ సాల్మన్ ఏటా 25 లక్షల టన్నులు దాటింది. అందులో సగానికి పైగా నార్వేదే. పంజరాల్లో పెరిగే సముద్రపు పేలు పక్కనుంచి పోయే అడవి స్మోల్ట్‌లకు అంటుకుంటాయి. పంజరం తెగి పారిపోయిన చేపలు ఏళ్ళలోకి పోయి అక్కడి వంశాలతో కలిసి వాటి గుణాన్ని పలుచన చేస్తాయి. కాబట్టి ఒకే పేరున్న చేప దుకాణంలో ఎక్కువవుతూ ఏటిలో తక్కువవుతోంది. 2006కూ 2020కీ మధ్య ప్రపంచంలో అడవి సాల్మన్ 23 శాతం తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2023 డిసెంబరులో ప్రకటించింది. బ్రిటన్‌లోని సాల్మన్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. 2024 జూన్‌లో నార్వే ప్రభుత్వం చేపలు చాలా తక్కువగా వచ్చాయని 33 నదుల్లో సాల్మన్ వేటను ఉన్నట్టుండి ఆపివేసింది.

ఈ కథకూ మన దేశానికీ ఒక మనిషి ద్వారా సంబంధం ఉంది. ఆయన ఫ్రాన్సిస్ డే. 1852లో మద్రాసు వైద్యశాఖలో చేరిన ఇంగ్లీషు డాక్టరు. చేపల మీది మోజుతో భారతదేశపు తీరాలూ నదులూ తిరిగి, చివరికి చేపల పరిశ్రమకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1860లలో సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన ట్రౌట్‌ను నీలగిరి కొండలకు తేవాలని ప్రయత్నించాడు. మొదటి ప్రయత్నం ఫలించలేదు. ‘ఫిషెస్ ఆఫ్ ఇండియా’ అనే ఆయన గ్రంథం మన చేపల శాస్త్రానికి ఈనాటికీ పునాది. ఇంగ్లండుకు తిరిగిపోయాక 1887లో బ్రిటన్, ఐర్లండు సాల్మన్ జాతుల మీద మరో గ్రంథం రాశాడు. రెండు దేశాల నదులనూ చూసిన కళ్ళు ఆయనవి. 1873లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, మన నదుల మీది ఆనకట్టలు వలస చేపలకు దారి మూస్తున్నాయని, వాటికి దారులు వదలాలని ఆయన చెప్పాడు.

ఆయన మనసులో ఉన్న చేపల్లో ముఖ్యమైనది మీకందరికీ తెలుసు. యానాం వాళ్ళకు చెప్పనే అక్కర్లేదు. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదావరి ఎక్కాక పులస. ఒడిశాలో ఇలిశి, తమిళనాట ఉల్లం. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు మనవాళ్ళు. పులస సాల్మన్‌కు చుట్టం కాదు, హెరింగ్ తెగది. కాని బతుకు తీరులో పోలిక ఉంది. అదీ సముద్రంలో బలిసి, వరద కాలంలో ఎర్రనీటికి ఎదురీది, నదిలో గుడ్లు పెడుతుంది. గోదావరిలో దాని ఎగువ దారికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డొచ్చింది. గంగలో ఒకప్పుడు అలహాబాదు దాటి పోయిన ఇలిశి, 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక ఎగువన అరుదైపోయింది. ఆనకట్టలు వద్దని నేననడం లేదు. గోదావరి డెల్టా అన్నం తినేవాడెవడూ ఆ మాట అనలేడు. అయితే స్కాట్లండులో ఏడు వందల ఏళ్ళ కిందటే దడి కట్టుకున్నవాడిని వారానికి ఒకటిన్నర రోజు చేపకు వదలమన్నారు. పంటా పండాలి, చేపా నడవాలి అన్న ఆలోచన కొత్తది కాదు.

సాల్మన్ చరిత్ర చెప్పే పాఠం ఇంకొకటి ఉంది. పార్ వేరనుకున్నంత కాలం దాన్ని తినేయడం తప్పనిపించలేదు. మన చేపల బజారులో జానెడైనా లేని ఇలిశి పిల్లలు గంపల్లో వస్తే, అవి వేరే పేరుతో, తక్కువ ధరకు వస్తే, మనం కూడా అవి వేరే చేపలనే అనుకుంటాం. బంగ్లాదేశ్‌లో ఆ పిల్లలను జట్కా అంటారు. అక్కడి ప్రభుత్వం ఏటా కొన్ని నెలలు వాటిని పట్టడం, అమ్మడం నిషేధించింది. మన వైపు కూడా వేసవిలో సముద్రపు వేటకు విరామం ఉంది. ఆ విరామం ఎందుకో మన పిల్లలకు చెప్పడం తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మన పని.

ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు అమ్మే అమ్మను ఒక్క ప్రశ్న అడగండి. ఈ చేప ఎక్కడ పుట్టింది, ఎంత పెరగాల్సింది? ఆమెకు తెలిసినంత మన పుస్తకాల్లో చాలా వాటికి తెలియదు. డ్రమ్‌లాన్‌రిగ్‌లో జాన్ షా కూడా పుస్తకం చూసి కాక, ఏటిని చూసి మొదలుపెట్టాడు.